అరసెకను తలుపు

తొమ్మిదేళ్లుగా మనసులో వెయ్యిసార్లు తిట్టేసిన మనిషి నిజంగా వచ్చి ఎదురుగా నిలబడితే, చూపు ముందు పడేది ముఖం మీద కాదు, బూట్ల మీద. కిందటి వారం కథ ఆ బూట్ల దగ్గరే ఆగింది. సైగాన్‌లో ఎలక్ట్రానిక్ సామాను దొరికే మా న్యత్ తావ్ సందులోకి ఖియెమ్ నల్లటి బూట్లు వేసుకుని వచ్చాడు. వెనకాల అతని కంపెనీ ఇంజనీరు ఉయెన్ ఒక పెట్టె మోసుకొచ్చింది. బాతుగుడ్లు పొదిగే యంత్రానికి తగిలించే పెట్టె అది. లోపల వేడి ఎంతుందో, తేమ ఎంతుందో చిన్న తెర మీద రెండు వరుసల్లో చూపిస్తుంది. పదకొండేళ్ల కిందట ఈ దుకాణంలో, ఈ బల్ల మీద దాన్ని తయారుచేసింది నేను. రెండేళ్ల తర్వాత ఖియెమ్ కాగితాలన్నీ పట్టుకుపోయి కంపెనీ పెట్టుకున్నాడు. అప్పట్నుంచీ ప్రతి పెట్టెతో వెళ్లే కాగితంలో ‘రూపకర్త’ అన్నచోట అతని పేరే ఉంటోంది.

ఇప్పుడు ఆ తెర మూగబోయింది. ఒకటి కాదు, ఆరువందలు. రేపు పొద్దున్న తొమ్మిదింటికి విన్ లాంగ్‌లో గుడ్లు పొదిగించే రైతుల సంఘం వాళ్ల ముందు వాటిని పెట్టాలి. వాటిచేత మళ్లీ మాట్లాడించే కిటుకు నాకొక్కదానికే తెలుసు. నాకు కావలసింది కూడా ఒక్కటే. ఆ కాగితం మీద నా పేరు.

“కూర్చో” అన్నాను.

ఖియెమ్ ప్లాస్టిక్ స్టూలుని జేబురుమాలుతో తుడిచి కూర్చున్నాడు. ఒకప్పుడు ఆ స్టూలు మీదే కూర్చుని, నా గిన్నెలో మిగిలిన నూడుల్స్ తిన్న మనిషి. ఆ తుడవడం చూసి నాకు ఎంత హాయి కలిగిందో చెప్పలేను. ఎదుటివాడు మనం ఊహించినంత నీచంగా ప్రవర్తిస్తే మనసుకి ఒక పండగ. ఊహించినదానికన్నా మంచిగా ఉంటే అదొక నష్టం. నేను అతని నుంచి నష్టం కోరుకోలేదు.

పదకొండు గంటలు దాటింది. ఎండ రేకుల మీద పడి సందంతా కాలిన టంకం వాసన. పక్క కొట్టు తామ్ పిన్ని ప్లాస్టిక్ సొరుగుల్లోంచి ట్రాన్సిస్టర్లు ఏరుతూ, ఏరడం మర్చిపోయి మమ్మల్నే చూస్తోంది.

మా సందులో ఒక ఆచారం ఉంది. బాగుచెయ్యమని ఏ వస్తువు తెచ్చినా ముందు ఒకటే ప్రశ్న అడుగుతాం: పాత చెయ్యి ఎవరిది? అంటే ఇంతకుముందు దీన్ని విప్పిందెవరు, కట్టిందెవరు అని. తెచ్చినవాడు ఆ పేరు చుట్టుపక్కల కొట్లవాళ్లకి వినపడేలా చెప్పాలి. ఆ చేతికి అభ్యంతరం ఉంటే వచ్చి చెప్పుకుంటుంది. పేరు చెప్పకపోతే ఎవరూ స్క్రూడ్రైవర్ ముట్టుకోరు. ఒకడి సగం పని మీద ఇంకొకడు చెయ్యి వేస్తే తర్వాత వచ్చే గొడవలు మాకు తెలుసు. తాగి వచ్చినవాళ్లు కూడా ఈ ఒక్క విషయంలో బుద్ధిగా నిలబడి పేరు చెప్తారు.

“పాత చెయ్యి ఎవరిది?” అన్నాను.

ఖియెమ్ నవ్వాడు. “ఇంకా అదేనా, లియూ? కాలం ఎక్కడికి పోయిందో తెలుసా?”

“ఎక్కడికి పోయినా తిరిగి ఈ సందుకే వచ్చింది కదన్నా, బూట్లేసుకుని.”

“అడిగినదానికి చెప్పు నాయనా” అంది తామ్ పిన్ని. “చెప్పకపోతే అది ఒట్టి డబ్బా. తూకానికి నేను తీసుకుంటా. ఇవాళ ఇనుము రేటు బాగుంది.”

ఉయెన్ ముందుకొచ్చింది. ముప్పై లోపు వయసు, మెడలో కంపెనీ బిళ్ళ, కళ్లకింద రెండు రోజుల నిద్రలేమి. “నేనే విప్పానక్కా” అంది.

“నీకు ముందు?”

ఉయెన్ ఖియెమ్ వైపు చూసింది.

“కంపెనీ” అన్నాడు ఖియెమ్.

“కంపెనీకి చేతులుంటాయా? ఎన్ని?”

తామ్ పిన్ని కిసుక్కున నవ్వింది. ఎదురుగా బండి మీద హూ తియూ నూడుల్స్ అమ్మేవాడు గరిటె ఆపి ఇటు తిరిగాడు. మా సందులో నవ్వు వినపడితే జనం చేరడానికి అట్టే సేపు పట్టదు.

ఖియెమ్ గొంతు తగ్గించాడు. “చూడు, ఇదంతా పదిమందిలో ఎందుకు? నిన్ను మా కంపెనీకి సాంకేతిక సలహాదారుగా వేసుకుంటా. రేపటి నుంచే. కార్డు కూడా కొట్టించా.”

నిజంగానే కొట్టించాడు. జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. మందపాటి కాగితం, బంగారు అంచు, నా పేరు. ఆ కార్డుని చూస్తుంటే అతని మనసు లోపలి గదులన్నీ కనిపించాయి. దొంగిలించినదాన్ని తిరిగివ్వకుండా, దొంగతనం జరిగిన ఇంటికి కాపలా ఉద్యోగం ఇస్తున్నాడు. ఇందులో అన్యాయం ఉందని అతనికి తోచనే తోచదు. తోచినా దానికీ ఒక కార్డు కొట్టిస్తాడు.

“బంగారు అంచు బాగుంది” అన్నాను. “నీ పేరున్న కాగితానికి కూడా అంచు ఉందా?”

“లియూ...”

“సరే, ఒక పని చేద్దాం. కాగితంలో ఏముంది? రూపకర్త ఖియెమ్. అంటే చేసింది నువ్వే. చేసినవాడు లేపలేడా? ఇదిగో బల్ల, ఇదిగో తీగలు. లేపు. నువ్వు లేపితే నేను ఈ కార్డు మెళ్ళో వేసుకుని మీ గేటు దగ్గర నిలబడతా.”

సందు మొత్తం విన్నది. ఇక అతనికి దారి లేదు.

తెర వెనక అతికించి ఉండే చిన్న ఆకుపచ్చ బోర్డుకి మూడే తీగలు. ఎర్రది కరెంటు, నల్లది ఎర్తు, పసుపుది మాట. ఆ పసుపు తీగలో మాట ఒకవైపే పోతుంది. అక్షరం తర్వాత అక్షరం వరసగా పంపుతాం, తెర వింటుంది, రాసుకుంటుంది. తిరిగి ఒక్క ముక్క చెప్పదు. విన్నదో లేదో దాని ముఖం చూసి తెలుసుకోవాల్సిందే. నా బతుకులో నాకు నచ్చిన సంబంధం ఇదొక్కటే అని చాలాసార్లు అనుకున్నాను.

ఖియెమ్ కోటు విప్పి ఉయెన్ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. తీగలు తగిలించింది ఉయెనే. స్విచ్ వేస్తే తెర నీలంగా వెలిగింది. కంపెనీ పేరు ఒక్క క్షణం మెరిసి పోయింది. తర్వాత ఖాళీ. ఆ నీలంలో చీమంత అక్షరం లేదు.

ఖియెమ్ ఏదో టైపు చేశాడు. ఖాళీ. ఇంకోటి చేశాడు. ఖాళీ. మీటని గట్టిగా కొట్టాడు, గట్టిగా కొడితే మాట బిగ్గరగా పోతుందన్నట్టు.

“అరిస్తే వినేది మనుషులు నాయనా, తెరలు కాదు” అంది తామ్ పిన్ని.

“ఏం పంపాలి?” అని అతను ఉయెన్ చెవిలో అడిగాడు. చెవిలోనే అడిగాడు కానీ, సందులో అందరూ అప్పుడే ఊపిరి బిగబట్టి ఉన్నారు.

హూ తియూ బండివాడు పెద్దగా అన్నాడు: “అన్నా, నా బండి కూడా నేనే తయారుచేశా. చక్రం ఊడితే మాత్రం మా బావమరిదిని పిలుస్తా!”

నవ్వులు. ఖియెమ్ మెడ ఎర్రబడింది. నేను నవ్వలేదు. నవ్వు చౌక. నేను అతని మెడ మీద ఎరుపు చెవుల దాకా పాకడం చూస్తూ కూర్చున్నాను, ఎవరో చాలా కాలం కిందట నాకు పంపిన ఉత్తరం ఇప్పుడు అందినట్టు.

“ఈ ఇంజనీరు వల్లే వచ్చింది ఇదంతా” అన్నాడు చివరికి, లేస్తూ. “కొత్త ప్రోగ్రాం రాసింది ఈవిడ. పాతది బాగానే నడిచేది. రేపు మీటింగ్ అయ్యాక ఈవిడ సంగతి చూస్తా.”

నేను ఉయెన్‌ని అప్పటిదాకా సరిగా చూడలేదు. ఖియెమ్ దగ్గర జీతానికి చేరినవాళ్లంతా నాకు ఒకే ముద్ద. కాలేజీలో మార్కులు, మెళ్ళో బిళ్ళ, చేతికి టంకం మచ్చ ఒక్కటి ఉండదు. “ఏం చేశావమ్మా?” అన్నాను, చిన్నపిల్లని మురిపించే గొంతుతో. ఆ గొంతులో ఎంత విషం ఉంటుందో ఆడవాళ్లకి తెలుసు.

ఆమెకీ తెలిసింది. అయినా తొణకలేదు. “మీటింగ్‌లో అందంగా కనపడాలి, తెర చుట్టూ ఒక గడి గియ్యి అన్నారు సార్. వేడికి అటూ ఇటూ రెండు నిలువు గీతలు పెట్టానక్కా.”

“పెట్టి?”

“వరస చివర నిలువు గీత, దాని వెంటనే వరస ముగింపు గుర్తు. ఆ రెండూ పక్కపక్కన పడగానే తెర బిగుసుకుపోయింది. మీరు నిలువు గీతని మామూలు అక్షరంగా పెట్టలేదనుకుంటా. దాని తర్వాత ఏది వచ్చినా తెర దాన్ని రాసుకోదు, ఆజ్ఞ అనుకుంటుంది. వరస ముగింపు వస్తే తాళం వేసుకోమని అర్థం. కరెంటు తీసినా ఆ తాళం పోదు.”

నేను చేతిలో టీ గ్లాసు కింద పెట్టాను.

నిజమే. ఆజ్ఞకి గుర్తుగా నిలువు గీతని ఎంచుకున్నది నేనే. బాతుగుడ్లు పొదిగించేవాళ్లకి నిలువు గీతతో ఏం పని అనుకున్నాను. వాళ్ల పనివాళ్లు మీటలు నొక్కి తెరని పాడుచెయ్యకుండా తాళం పెట్టాను. అందం కోసం ఎవరో వేడికి చట్రం కడతారని ఎలా ఊహిస్తాను? అలాంటి ఊహ రావాలంటే ఖియెమ్ అయి పుట్టాలి.

“మరి ఆరువందలూ బిగుసుకుపోతుంటే మీరెవరూ చూడలేదా?” అన్నాను.

ఉయెన్ తలవంచుకుంది. “బిగుసుకున్న తెర మీద ముప్పై ఏడూ పాయింట్ ఎనిమిది అని ఉండిపోయిందక్కా. సరిగ్గా గుడ్లకి కావలసిన వేడి. తనిఖీలో అన్ని పెట్టెలూ అదే చూపించాయి. అన్నీ పాసయ్యాయి. కరెంటు తీసి మళ్లీ పెట్టాకే ఖాళీ అయ్యాయి.”

తామ్ పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది. “ఆరువందల గడియారాలు ఆగిపోయి, అన్నీ ఒకే టైము చూపిస్తుంటే, అబ్బ ఎంత కచ్చితంగా నడుస్తున్నాయో అన్నారన్నమాట!”

“తనిఖీ కాగితం మీద సంతకం ఎవరిది?” అని అడిగాను.

ఖియెమ్ బూట్లు చూసుకున్నాడు.

“పాత చెయ్యి ఎవరిది?” అన్నాను మళ్లీ. ఈసారి మెల్లగా. “ఇదే ఆఖరిసారి అడగడం. పన్నెండింటికి నేను అన్నం తిని ఓ కునుకు తీస్తా. లేచాక ఇంకేదో ఫ్యాను వస్తుంది, అది చూస్తా.”

అతను సందు వైపు చూశాడు. ఎవరైనా కదిలితే బాగుండునన్నట్టు. ఎవరూ కదల్లేదు. రేపటి తొమ్మిది గంటలు అతని ముఖం మీద గడియారంలా కనిపిస్తున్నాయి.

“లియూది” అన్నాడు.

“వినపడలా” అంది తామ్ పిన్ని.

“లియూది! మొదటి చెయ్యి లియూది. ఈ పెట్టె, ఈ తెర, బోర్డు, ఇదంతా చేసింది ఈమె. నేను పక్కన కూర్చున్నా. చాలా?”

చాలు. తొమ్మిదేళ్లుగా నేను కోరుకున్న వాక్యం అది. ఒక్కో రాత్రి దాన్ని ఒక్కో గొంతులో విన్నాను. ఏడుస్తూ చెప్పినట్టు, కాళ్ల మీద పడి చెప్పినట్టు. నిజంగా వచ్చేసరికి అది నాలుగు వీధులవతల నుంచి తెచ్చిన అన్నంలా చల్లారిపోయి ఉంది. అయినా తిన్నాను. ఆకలి అలాంటిది.

“కాగితం” అన్నాను.

ఉయెన్ సంచిలోంచి కాగితం తీసింది. ఖియెమ్ తన పేరు కొట్టేసి పక్కన సంతకం పెట్టాడు. ఆ చోటు ఖాళీ అయింది.

“ముందు తెర లేపు, తర్వాత పేరు రాయిస్తా” అన్నాడు పళ్ల బిగువున.

అది న్యాయమే అనిపించింది. ల్యాప్‌టాప్ నా ముందుకి లాక్కున్నాను.

కిటుకు ఇది. కరెంటు ఇచ్చిన వెంటనే తెర కంపెనీ పేరు చూపిస్తుందని చెప్పాను కదా. అది అరసెకను. ఆ అరసెకను పాటు తాళం ఇంకా పడి ఉండదు. అప్పుడే నిద్ర లేచిన మనిషికి తన పగలూ పంతాలూ గుర్తుకు రావడానికి పట్టేపాటి సమయం. ఆ కాస్త వ్యవధిలో ఒక గుర్తు దాని చెవిన పడితే తలుపు తెరుచుకుంటుంది. చేత్తో చూసి నొక్కుదామంటే ఎవరివల్లా కాదు. అందుకని చిటికెన వేలితో మీటని నొక్కిపట్టి ఉంచాలి, ఆ గుర్తు ఆగకుండా కారుతూనే ఉండాలి, ఈలోగా మోచేత్తో స్విచ్ వెయ్యాలి. ఉయెన్ నా చిటికెన వేలినే చూస్తోంది. దాయలేదు. దాచి ఏం లాభం, ఆరువందలు తెరవాల్సింది ఆమే.

మోచెయ్యి దించాను. నీలం వెలుగు. కంపెనీ పేరు. అది పోయింది. ఖాళీ. ఆ ఖాళీలోంచి రెండు వరసలు పైకి తేలాయి.

వేడి 33.4. తేమ 71.

మా సందు ఎండ అది. ఎవరో చప్పట్లు కొట్టారు. హూ తియూ బండివాడు ఒక గిన్నె తెచ్చి, “ఇది ఊరికే అక్కా” అని నా ముందు పెట్టాడు. ఖియెమ్ గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. అంత చిన్న మనిషికి అంత పెద్ద ఊపిరి ఎక్కడిదో.

ఉయెన్ కలం తీసి కాగితం మీద వంగింది. రాయబోయి ఆగింది. తన ఫోను తీసి బల్ల మీద బోర్లా పెట్టి, కాగితం కదలకుండా మరో చేత్తో పట్టుకుంది.

“ఆచారం పూర్తిగా కానివ్వాలి కదా” అంది తామ్ పిన్ని. ఆవిడకి ఇదంతా వేడుకగా ఉంది. “మొదటి చెయ్యి అన్నాక ఇంకో మాట అడగాలి. లియూ, నీకు ముందు ఎవరైనా ఉన్నారా? ఉంటే చెప్పు. లేకపోతే లేరని చెప్పు.”

అది లాంఛనం. ఆ ప్రశ్నకి ఎవరూ జవాబు గురించి ఆలోచించరు.

ఉయెన్ తలెత్తి చూసింది. “అక్కా, బోర్డు మీదే. తాళం మీదే. ఆ అరసెకను తలుపు కూడా మీ ఆలోచనేనా?”

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. ఇన్ని వారాలుగా ఈ కథ చెప్తున్నా, ఒక్కసారి కూడా అతని పేరు నా నోట రాలేదు. మర్చిపోలేదు. మర్చిపోవడం వేరు, చెప్పకపోవడం వేరు. రెండూ ఒకేలా కనపడేటట్టు మనసు చూసుకుంటుంది.

అతని పేరు థాక్ రిత్. ట్రా విన్ నుంచి వచ్చిన ఖ్మేర్ తెగ మనిషి. పెట్టె తయారవుతున్న రోజుల్లో ఎనిమిది నెలలు మా దుకాణంలో పనిచేశాడు. మా వియత్నాం మాటని నెమ్మదిగా, ఒక్కో అక్షరం తూచి పలికేవాడు. మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే పులిసిన చేప ముద్ద వాసన. ఖియెమ్ ముక్కు మూసుకుని “చెత్తబండి వచ్చినట్టుంది” అనేవాడు. నేను నవ్వేదాన్ని. రిత్ కూడా నవ్వేవాడు. ఆ నవ్వుని నేను తెలివితక్కువతనం కింద జమకట్టాను.

ఒకసారి నేను పెట్టిన తాళం నేనే తియ్యలేకపోయాను. మూడు రోజులు కొట్టుకున్నాను. తెరని మూలకి విసిరేశాను. అతను దాన్ని తీసుకున్నాడు. మర్నాడు తెచ్చి నా ముందు పెట్టాడు. “చెల్లీ, కరెంటు రాగానే అరసెకను ఇది పేరు చూపిస్తది కదా. అప్పుడు దానికి ఏ పనీ లేదు. ఆ ఖాళీలో ఒక తలుపు పెట్టినాను” అన్నాడు. ఏ గుర్తు పంపాలో చూపించాడు. నేను తల కూడా ఎత్తలేదు. “సరే, అక్కడ పెట్టు” అన్నాను.

ఆ నెలే వాళ్లమ్మకి జబ్బు చేసి ఊరు వెళ్లిపోయాడు. వారం తర్వాత ఖియెమ్ ముందు నేను ఆ తెరని తెరిచి చూపించాను. “ఇదెలా తట్టింది నీకు!” అన్నాడు ఖియెమ్, కళ్లు పెద్దవి చేసి. అతను నన్ను అలా చూడటం అదే మొదలు, అదే చివర.

“తట్టింది” అన్నాను.

అంతే. ఒక్క మాట. పట్టుకుపోవడానికి ఖియెమ్‌కి సంచి కావాల్సి వచ్చింది, నాకు అదీ అక్కర్లేకపోయింది. తొమ్మిదేళ్లుగా ఖియెమ్‌ని అసహ్యించుకోవడంలో నాకున్న శ్రద్ధ ఎక్కడిదో ఇప్పుడు అర్థమవుతోంది. చిన్నచూపు ఒక దీపం లాంటిది. ఎదుటివాడి మీద ఎంత దగ్గరగా పట్టుకుంటే మనం అంత చీకట్లో ఉండొచ్చు.

ఇదంతా నేను ఎంతసేపు ఆలోచించానో తెలీదు. సందు ఎదురుచూస్తోంది. గిన్నెలో ఆవిరి తగ్గింది. నిజం చెప్పడానికి ఏమీ ఖర్చు లేదు. ఆ కాగితం మీద రెండు పేర్లకి చోటుంది. కానీ ఖియెమ్ నా ముఖంలోకి చూస్తున్నాడు. ఆ చూపులో ఏదో ఆశ. నేనూ తనలాంటిదాన్నే అని తేలితే చాలు, అతను కోటు తొడుక్కుని నవ్వుతూ వెళ్లిపోగలడు. ఆ నవ్వు అతనికి ఇవ్వదలచుకోలేదు.

“నాదే” అన్నాను. “నాకు ముందు ఎవరూ లేరు.”

“అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి!” అని తామ్ పిన్ని సందులోకి కేక వేసింది, కూరగాయలు అమ్మినట్టు. ఎవరూ పలకలేదు. ఎప్పుడూ పలకరు.

బల్ల మీద బోర్లా ఉన్న ఉయెన్ ఫోనులోంచి ఎవరో దగ్గారు.

ఉయెన్ ఫోను తిప్పింది. లైను కలిసే ఉంది. ఆమె జేబులో ఉన్నప్పట్నుంచీ, ఇరవై ఏడు నిమిషాలుగా.

“క్షమించండక్కా” అంది. ఆమె ముఖంలో గెలుపు లేదు. అదే నాకు భరించరానిదిగా ఉంది. “చిప్పులో ఉన్నదంతా బయటికి తీసి చూశాను. నాకు అర్థంకాని అంకెలే అన్నీ. చిట్టచివర మాత్రం ఒక పేరు, ఒక ఊరు దొరికాయి. ఊళ్ళో వాకబు చేస్తే ఆయన రేడియో షాపు నంబరు ఇచ్చారు. తలుపు ఎలా తియ్యాలో చెప్పమన్నా. ముందు ఆమెని అడుగు, ఆ బల్ల ఆమెది అన్నారు. ఆమె ఏమంటుందో వింటాను, లైను మాత్రం కట్ చెయ్యకమ్మా అన్నారు.”

ఖియెమ్ నవ్వడం మొదలుపెట్టాడు. తామ్ పిన్ని “నోరు ముయ్” అంది. ఆ మాట ఎవరితో అందో నాకు తెలియలేదు.

“బాగున్నావా, చెల్లీ?” అంది ఫోను. అదే గొంతు. ఒక్కో అక్షరం తూచి.

నేను గిన్నెని పక్కకి జరిపాను.

“తెరిచినావు కదా, వినపడింది. చప్పట్లు కూడా. మంచిది. ఒకపాలి కరెంటు తీసి మళ్లీ పెట్టు.”

నేను కదల్లేదు. ఖియెమ్ చెయ్యి చాచి ప్లగ్గు పీకాడు, పెట్టాడు. నీలం వెలుగు. కంపెనీ పేరు. ఆ తర్వాత ఖాళీ. ఎంతసేపు చూసినా ఖాళీయే. ఖియెమ్ నవ్వు సగంలో ఆగిపోయింది.

“అది ముందు తలుపు” అన్నాడు రిత్. కోపం లేదు, వెటకారం లేదు. ఊరి దారి చెప్తున్నట్టుంది. “కరెంటు ఉన్నంతసేపే తెరుచుకుని ఉంటది. మా పక్క రోజుకి నాలుగుసార్లు పోతది కరెంటు. తాళం మొత్తానికి ఊడాలంటే దాని వెనక ఇంకో తలుపు ఉంది. అది నీకు చూపించలేదు.”

“ఎందుకు చూపించలేదు?” అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది.

ఫోనులో కోడి కూసింది. ఎవరో సైకిల్ గంట కొట్టారు. అతను తొందరపడలేదు.

“ఎనిమిది నెలలు నీ పక్కన కూర్చున్నాను చెల్లీ. నువ్వు నన్ను ఏదైనా అడగడం ఇదే మొదటిసారి.”